ఎడమ కాలు వచ్చేదాకా

అక్కకు జబ్బు చేసిందని డాక్టరు కంటే ముందు నా చెవులకు తెలిసింది. ఆమె ఎప్పుడు వచ్చినా బోధన్ బస్సు దిగి, ఆటో ఎక్కకుండా నడిచే వస్తుంది. మా మెట్లెక్కే చప్పుడును బట్టే ఆమె అని పై గదిలోంచి గుర్తుపడతాను. ఆ రోజు కుడి చెప్పు మెట్టు మీద పడింది, ఎడమ చెప్పు పడాల్సిన చోట పడలేదు. కొంచెం ఆగి పడింది. మళ్ళీ కుడి, మళ్ళీ కొంచెం ఆగి ఎడమ. కంప్యూటర్ తెర మీంచి తల తిప్పకుండానే చెప్పు తెగిందా అక్కా అని అడిగాను. లేదే అంది. అనుమానం వచ్చి చెప్పు విప్పి తిప్పి చూసుకుంది కూడా. చెప్పు నిక్షేపంలా ఉంది.

నా బతుకుతెరువు ఆ 'కొంచెం' మీదే నడుస్తుంది కాబట్టి అది నాకు వినిపించింది.

నిజామాబాద్‌లో మా ఇంటి మీది చిన్న గదిలో కూర్చుని నేను కంప్యూటర్‌లో డప్పు, డోలు, తాళం, చప్పట్లు పేరుస్తాను. పెళ్ళి బరాత్‌లకు, వినాయకుడి ఊరేగింపులకు డీజే బండ్లు మోగించే బీట్లలో కొన్ని నావి. పల్లెపాటలు పాడేవాళ్ళు గొంతు రికార్డు చేసుకుని వస్తే దాని కింద దరువు నేను వేస్తాను. పక్కన పిండి గిర్ని ఉంది. అది నడిచినంతసేపు మైకు ముట్టుకోవడానికి లేదు. నాకు కోపం ఎక్కువని మా వీధిలో చెప్పుకుంటారు. గిర్ని పక్కన కూర్చుని సంగీతం చేసి చూడమనండి, ఎవరికి రాదో.

కంప్యూటర్ తెర మీద కాలమంతా లెక్కల కాపీలా గళ్ళు గీసి ఉంటుంది. ప్రతి దెబ్బా ఒక గీత మీద కూర్చోవాలి. అటూ ఇటూ జరిగిన దెబ్బలుంటే ఒక్క మీట నొక్కితే చాలు, యంత్రం వాటన్నిటినీ గీతలకు అతికిస్తుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ముందు ఆ మీటే నొక్కుతారు, నొక్కి మురిసిపోతారు. వింటే బడిలో పంద్రాగస్టుకు పిల్లలు కవాతు చేసినట్టుంటుంది. తప్పు ఒక్కటీ ఉండదు, ఎవరికీ ఆడబుద్ధి కాదు. దానికి ప్రాణం రావాలంటే దాన్ని మళ్ళీ చేత్తో చెడగొట్టాలి. తక తక తక తక అని సమంగా పడే జంటల్లో రెండో దెబ్బను వెంట్రుకవాసి వెనక్కి జరిపితే అది తా–క, తా–క అని ఊగడం మొదలుపెడుతుంది. దాన్ని మావాళ్ళు స్వింగ్ అంటారు. చప్పట్లను ఇంకొంచెం వెనక్కి లాగాలి, తాళాన్ని పిసరంత ముందుకు నెట్టాలి. ఒక దెబ్బ గట్టిగా ఉండాలి, దాని పక్కది గొణిగినట్టుండాలి. ఎంత జరపాలో చెప్పే లెక్క లేదు. తక్కువైతే ఎవరికీ తెలియదు, ఎక్కువైతే తాగి వాయించినట్టుంటుంది. వినేవాళ్ళ భుజం కదిలిందా లేదా, అదొక్కటే కొలత. కొత్త బీటు అయినప్పుడల్లా మా ఆవిడను ఏదో వంకతో గదిలోకి పిలుస్తాను. వినమని చెప్పను. బియ్యం సంగతో, గ్యాసు సంగతో మాట్లాడుతూ ఆమె తల వంక చూస్తాను. ఈ కిటుకు ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది. కావాలనే బిగుసుకుని కూర్చుంటుంది.

కాబట్టి ఆలస్యం అంటే నాకు గౌరవం. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పొయ్యి వెలిగింది దానివల్లే. అక్క ఎడమ కాలు వచ్చి ఆ గౌరవాన్ని తీసేసింది.

మొదట చేతి వేళ్ళు వణికాయి. మావాళ్ళకు ఒంట్లో ఏం తేడా వచ్చినా ముందు దిష్టి, తర్వాత గ్యాస్, ఆఖరికి డాక్టరు. ఆ వరస తప్పకుండా అన్నీ అయ్యాయి. తర్వాత గడప దగ్గర ఆగిపోవడం మొదలైంది. వంటింట్లోంచి ముందు గదిలోకి రావాలంటే గడప ముందు నిలబడిపోయేది. ఒక కాలి మడమ లేచి ఉండేది, వేళ్ళు నేలకు అంటుకుని ఉండేవి. చూసినవాళ్ళు ఆమె గడపకు మొక్కుకుంటోందని అనుకున్నారు. గడప తొక్కకూడదని అక్కకు చిన్నప్పటి నుంచీ పట్టింపు, అందుకే జాగ్రత్త పడుతోందని బావ కూడా అనుకున్నాడట. నా దగ్గరికి వచ్చినప్పుడు మా గడప ముందు కూడా అలాగే నిలబడి అసలు సంగతి చెప్పింది.

"మనసు దాటిపోతుంది తమ్మీ. కాళ్లు ఈడనే ఉంటున్నయి. భూమికి అతుక్కున్నట్టే ఉంటది."

పెద్ద డాక్టరు పార్కిన్సన్ అన్నాడు. మాత్రలు రాశాడు. తగ్గదు, కాకపోతే నెమ్మదిగా పెరుగుతుంది అని చెప్పి, ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో అంత మామూలుగా తర్వాతి పేషెంటును పిలిచాడు. నాకు మండింది. అక్కకు మండలేదు. ఆమె బయటికి వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎన్నాళ్ళు నడుస్తానని. నేను చాలా రోజులు నడుస్తావన్నాను. చాలా అంటే ఎంతని అడగలేదు.

ఆ ప్రశ్నకు కారణం నాకు తెలుసు. మా అమ్మాయికి సంబంధం ఖాయమైంది. మా వైపు పెళ్ళిళ్ళలో కుమ్మరి ఇంటి నుంచి రంగులు వేసిన ఐరేని కుండలు తెస్తారు. ఇంటి ఆడబిడ్డలు వాటిని నెత్తిన పెట్టుకుని, ముందు డప్పులు మోగుతుంటే, వీధి వెంట నడిచి పెళ్ళింటికి రావాలి. మొదటి కుండ మేనత్తది. మా ఇంటికి ఆడబిడ్డ అంటే అక్క ఒక్కతే. మా అమ్మాయి పుట్టిన రోజే దాని ఐరేని కుండ నాదే అని ఆమె చెప్పి పెట్టుకుంది. ఇప్పుడు కుండ కాదు కదా, కాఫీ గ్లాసు పట్టుకుని గడప దాటడం కష్టమయ్యేసరికి ఇంట్లో అందరూ ఆ మాట ఎత్తడం మానేశారు. అక్క మాత్రం మానలేదు.

అందుకే బావను ఊళ్ళో పొలానికి వదిలి మా ఇంటికి వచ్చి ఉంది. వారానికి రెండుమూడుసార్లు వ్యాయామాలు చేయించడానికి ఒక ఫిజియో అమ్మాయి వచ్చేది. నెమ్మదస్తురాలు, పని తెలిసిన పిల్ల. ఈ జబ్బులో కాళ్ళకు లోపలి నుంచి తాళం అందదని, బయటి నుంచి అందిస్తే నడుస్తాయని చెప్పింది. ఫోనులో టిక్ టిక్‌మనే యాప్ పెట్టి, ఒక్కో టిక్కుకు ఒక్కో అడుగు వేయమంది. అక్క మూడు అడుగులు వేసి ఆగింది. మళ్ళీ వేసి మళ్ళీ ఆగింది.

"అది నన్ను తరుముతున్నట్టే ఉంది బిడ్డా," అంది.

ఫిజియో అమ్మాయి నవ్వి, సార్ చేసే పనే ఇది కదా, మీకోసం మంచి బీటు చేయమనండి అని నా వంక చూసింది. ఆ క్షణంలో నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. డాక్టరు చేయలేనిది నేను చేస్తాననుకున్నాను. ఆ సాయంత్రమే కూర్చుని డప్పు, గజ్జెలు వేసి దర్జాగా ఒక నడక దరువు చేశాను. పేషెంటు కోసం కదా, తేడా రాకూడదని అన్నీ గీతల మీద సరిగ్గా కూర్చోబెట్టాను. ఏ మీట నొక్కితే ఊరందరినీ తిడతానో ఆ మీట నేనే నొక్కాను. అక్క దానికీ ఆగిపోయింది. ఎడమ కాలు ఆలస్యంగా దిగేది. అప్పటికి బీటు వెళ్ళిపోయి ఉండేది. ఆమె దాన్ని అందుకోవాలని తొందరపడేది, తొందరపడితే కాళ్ళు బిగుసుకునేవి. తర్వాత నాకు తెలిసిన రకరకాల ఊపులు వేసి చూశాను. బరాత్ దరువు వేస్తే నవ్వింది, నడవలేదు.

ఒక మధ్యాహ్నం కోపం వచ్చి కంప్యూటర్ ఆపేసి కూర్చున్నాను. గిర్ని నడుస్తోంది. అక్క మంచం మీద కూర్చుని, నేల మీద కాళ్ళు ఆడిస్తోంది. కుడి కాలు తేలిగ్గా అలా పెడుతోంది. ఎడమ కాలు మాత్రం మడమతో నేలను నొక్కి, మెలితిప్పి, అప్పుడు లేపుతోంది. వణుకు లేదు. తడబాటు లేదు. ఏం చేస్తున్నావని అడిగాను.

"చెరుకు తొక్కుతున్న," అని తనే ఆశ్చర్యపోయింది.

బోధన్ పక్కన కాలువ కింద, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపు రైతుల పొలాల్లో అక్క పెళ్ళికి ముందు, తర్వాత కూడా కూలికి వెళ్ళింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడ ఎటు చూసినా చెరుకే. నాటే రోజున చాళ్ళలోకి నీళ్ళు వదిలి బురద చేస్తారు. ముందు ఒకామె చెరుకు ముక్కలు పరుచుకుంటూ పోతుంది. వెనకామె వాటిని కాలితో బురదలోకి తొక్కుకుంటూ పోవాలి. అక్క తొక్కే మనిషి. ఒక కాలు అడుగు వేస్తుంది, రెండో కాలు ముక్కను తొక్కుతుంది. పొద్దంతా అదే నడక. ఇప్పుడు అక్కడ వరే ఎక్కువ, చెరుకు అక్కడొక మడి ఇక్కడొక మడి. ఆ నడక మాత్రం అక్క కాళ్ళలో ఉండిపోయింది.

ఎలా తొక్కేవాళ్ళో చెప్పమంటే ఆమె చేతులతో చూపించబోయి, చేతులు వణికి, మాటల్లోకి దిగింది.

"కుడి కాలు పోతది. ఎడమ కాలు తొక్కుతది. తొక్కినంక బురద పట్టుకుంటది. బురద ఇడిసినంకనే కాలు వస్తది. జబర్దస్తీ గుంజితే మడిమె ఇరుగుతది."

ఫోను ఆమె పాదం పక్కన పెట్టి, గిర్ని ఆగాక, మళ్ళీ తొక్కమని రికార్డు చేసుకున్నాను. తెర మీద పరిచి చూస్తే కుడి కాలి దెబ్బలు గీతల మీదే ఉన్నాయి. ఎడమవి ప్రతిసారీ వెనక పడ్డాయి, కానీ ఒకేలా వెనక పడ్డాయి. అంటే అది తడబాటు కాదు, ఊపు. కుడికి డోలు పెట్టాను. ఎడమకు చర్మం వదులైన డప్పు పెట్టి, దాని ముందు మడమ నేలను రాసిన చప్పుడు సన్నగా కలిపాను. బురద పట్టుకున్నంతసేపు ఖాళీ ఉంచాను. ఆ ఖాళీలో ఏదైనా వేయాలని నా చెయ్యి గుంజింది. వేయలేదు. మరునాడు డాబా మీద ఒక్కో అడుగంత ఎడంగా ముగ్గుతో అడ్డగీతలు గీశాం, చాళ్ళలాగా. పక్కింటామె గోడ మీంచి చూసి, మూడు రోజులు మా గేటు వంక రాలేదు. పూజనుకుందో, ఇంకేమనుకుందో.

అక్క ఆ బీటుకు నడిచింది. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, తిరిగి, మళ్ళీ నడిచింది. చేతులు కూడా ఊగాయి. మా ఆవిడ బట్టలు ఆరేస్తూ అలాగే నిలబడిపోయింది, ఆమె తల ఆ దరువుకు ఆడుతోంది, ఆ సంగతి ఆమెకే తెలియదు. నేను ఇన్నేళ్ళలో చేసిన పనుల్లో నాకు నిజంగా సంతోషమిచ్చింది అదొక్కటే. అక్క ఆ సాయంత్రమే మా అమ్మాయిని పిలిచి, కుండకు ఏ రంగులు వేయించాలో మాట్లాడింది.

రెండు వారాలు గడిచాయో లేదో, అక్క మళ్ళీ ఆగడం మొదలుపెట్టింది. విన్నాను. ఎడమ కాలు నేను పెట్టిన చోటు కంటే ఇంకొంచెం వెనక పడుతోంది. వెళ్ళి డప్పు దెబ్బను ఆ కాస్తా వెనక్కి జరిపాను. నడిచింది. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ జరపాల్సి వచ్చింది. నాకది పెద్ద విషయం అనిపించలేదు, రోజూ చేసే పనే కదా. ఫిజియో అమ్మాయి ఒక రోజు డాబా మీద నిలబడి శ్రద్ధగా విని, బీటు మార్చారా అని అడిగింది. మార్చానన్నాను. ఎటు మార్చారు అంది. వెనక్కి అన్నాను. ఆమె మొహం మారింది.

"సార్, బీటు ముందుండాలె, అమ్మ దాని ఎంబడి రావాలె. మీరు అమ్మ ఎంబడి పోతున్నరు. అట్లయితే కాలు ఇంకా ఎందుకు తొందరవడుతది?"

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పాత ఫైళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి పరిచి చూశాను. మొదటి రోజు డప్పు, ఆ తర్వాతిది, ఆ తర్వాతిది. ప్రతి వరసలో దెబ్బ కొద్దికొద్దిగా కుడివైపుకు జరిగింది. డాక్టరు నెమ్మదిగా పెరుగుతుంది అన్నాడే, ఆ నెమ్మది ఎంతో నా తెర మీద గీసినట్టుంది. దాన్ని జరిపింది నా చెయ్యే. జబ్బు జరిగితే నేను జరిపానా, నేను జరిపితే కాలు అలవాటు పడి జరిగిందా? ఆ మీమాంసలో పిచ్చెక్కినట్టయింది. నాకు భయం వేసింది. అప్పటిదాకా కోపంతోనే నెట్టుకొచ్చాను, ఇది ఉత్త భయం.

పెళ్ళి దగ్గర పడుతోంది. ఇంకో చిక్కు కూడా కనపడసాగింది. ఎడమ దెబ్బను అలా వెనక్కి నెడుతూ పోతే ఒక హద్దు వస్తుంది. తర్వాతి కుడి దెబ్బకు మరీ దగ్గరైపోతుంది. అప్పుడది ఊపు కాదు, కాలు తట్టుకుని పడబోతున్న చప్పుడు. ఆ హద్దుకు ఇంకెంతో దూరం లేదు. మా ఆవిడ ఒక పొద్దున చాయ్ ఇస్తూ మనసులో మాట చెప్పేసింది. వీధిలో కుండ పడి పగిలితే అది పిల్ల పెళ్ళికి అపశకునమని ఊరంతా అంటారని, వదినకు నచ్చజెప్పమని. ఆమె చెడ్డగా అనలేదు, ఏడుస్తూ అంది. నచ్చజెప్పడానికి వెళ్ళాను. అక్క కొంగుతో ముగ్గు గీత చెరిపి సరిచేస్తూ కూర్చుని ఉంది. నేనేం అడగడానికి వచ్చానో కనిపెట్టేసి, కుండ నేనే ఎత్తుకుంటా అంది. మెట్లు దిగి కిందికి వచ్చేశాను.

అందుకని ఫిజియో అమ్మాయి మాట విన్నాను. కొత్త బీటు చేశాను. ఎడమ దెబ్బను అక్క కాలు ఉన్నచోట కాకుండా దానికంటే పిసరంత ముందు పెట్టాను, కాలును రమ్మని లాగేటట్టు. సాధన చేయించాం. అక్క నడిచింది. మునుపటంత సులువుగా కాదు, పెదవి కొరుక్కుని నడిచింది. మడమ రెండుసార్లు గీత దాటకుండా ముగ్గు మీదే పడింది. అయినా నడిచింది, ఎడమ కాలు కొంచెం త్వరగా కూడా వచ్చింది. ఫిజియో అమ్మాయి సంతోషించింది. నేనూ సంతోషించాను. ఎలా ఉందని అక్కను అడిగితే, మంచిగనే ఉంది, నువ్వు చేసినవ్ గదా అంది.

కుండలు తెచ్చే రోజు కుమ్మరివాళ్ళ ఇంటి నుంచి మా ఇంటిదాకా చిన్న స్పీకరు పెట్టిన ఆటోను ముందు పోనిచ్చాను. డప్పులవాళ్ళకు ముందే చెప్పి, నా బీటు మీదే వాయించమన్నాను. నలుగురు పట్టిన గుడ్డ నీడలో మొదట అక్క, ఆమె వెనక మా చిన్నాన్న కూతుళ్ళు, ఇంకా చుట్టపు ఆడవాళ్ళు, తలా ఒక కుండ. మాత్ర వేసుకున్న వేళ చూసుకుని బయల్దేరాం. వీధంతా అక్క నడిచింది. పసుపు అంగడి మలుపు దగ్గర ఒకసారి కాలు తడబడింది కానీ ఆగలేదు. నేను ఆటో పక్కన నడుస్తూ వెనక్కి వెనక్కి చూస్తున్నాను. మా ఆవిడ అక్క మోచేతి పక్కనే, ముట్టుకోకుండా, చేతులు సిద్ధంగా పెట్టుకుని నడుస్తోంది.

ఇల్లు వచ్చింది. పందిరి కిందికి వచ్చింది. మామిడాకులు కట్టిన గడప ముందు అక్క కుడి కాలు ఎత్తి లోపల పెట్టింది. ఎడమ కాలు బయట ఉండిపోయింది.

బీటు ముందుకు వెళ్ళిపోయింది. రమ్మని లాగింది, మళ్ళీ లాగింది, మళ్ళీ. ప్రతి దెబ్బకూ అక్క మోకాలు వణికింది, కాలు లేవలేదు. నెత్తిన కుండ ఊగడం మొదలైంది. లోపల పెళ్ళికూతురు చీరలో మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. మా ఆవిడ కుండకోసం చేతులు చాపింది. అక్క తల కదపకుండా, చిన్న గొంతుతో చెప్పింది.

"ముట్టకుండ్రి. తమ్మీ, గా దరువు బందు వెట్టు."

ఆపేశాను. డప్పులవాళ్ళూ ఆపేశారు. వెనక కుండలు ఎత్తుకున్న ఆడవాళ్ళందరూ ఉన్నచోట నిలబడిపోయారు. ఎవరూ ముందుకు తోయలేదు. ఎవరిదో ఫోను మోగితే ఆమె దాన్ని నొక్కేసింది. నా ఒళ్ళంతా ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తోంది. పడాల్సిన చోటు దాటిపోయింది. మొదటి రోజు నేను పెట్టిన చోటు దాటింది. ఆ మధ్య నేను వెనక్కి నెట్టిన చోట్లన్నీ దాటింది. ఏ బీటులోనూ పట్టనంత ఖాళీ. అక్క ఎడమ మడమ నేలను నొక్కడం చూశాను. నొక్కి, మెలితిప్పింది. అప్పుడు కాలు లేచి, గడపకు తగలకుండా, లోపలికి వచ్చింది.

ఆమె వెనకామె కూడా అలాగే కుడి కాలు లోపల పెట్టి, కాసేపు ఆగి, ఎడమ కాలు పెట్టింది. ఆమె వెనకామె కూడా అంతే. ఎందుకలా చేశారో తెలియదు. మేనత్త చేసింది కాబట్టి అది ఆచారం అనుకున్నారేమో.

కుండ దేవుడి మూలన దించాక అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజంతా మళ్ళీ లేవలేదు. మర్నాడు తలంబ్రాల వేళకు కుర్చీతో సహా నేనూ బావా ఎత్తుకుని మండపం దగ్గర పెట్టాం. అందరూ ఆమెను మెచ్చుకుంటున్నారు. నేను ఆమె పక్కన కూర్చుని ఏదో ఒకటి అనాలని, బీటు బాగా కుదరలేదు అక్కా అన్నాను. ఆమె తలంబ్రాల వంక చూస్తూనే జవాబిచ్చింది.

"చెరుకు దరువు నాతోటి నడిచింది తమ్మీ. ఇది నన్ను ఇడిసిపెట్టి పోయింది."

ఆ తర్వాత ఫిజియో అమ్మాయిని నిలబెట్టి అడిగేశాను, నేను దెబ్బను వెనక్కి జరుపుతూ పోయినందుకే కాలు పాడైందా అని. ఆమె అబద్ధం చెప్పలేదు. జబ్బు ఎలాగూ పెరుగుతుందని, మీవల్ల ఎంత, దానివల్ల ఎంత అన్నది ఎవరూ చెప్పలేరని అంది. ఈ జవాబుతో బతకడం కష్టంగా ఉంది. కాదు అని చెప్పినా బాగుండేది, అవును అని తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అక్క తన ఊళ్ళోనే ఉంది. వరికోతలని బావ వచ్చి తీసుకుపోయాడు. ఆమె కోసం ఇక బీటు చేయడం నావల్ల కావడం లేదు. ప్రయత్నించాను. కుడి దెబ్బ వేసి, ఎడమ దెబ్బను ఆమె కాలు ఉన్నచోట పెడితే, ఆ రెంటినీ కలిపి ఏ చెవీ ఒక దరువుగా వినలేదు. ఒక పాటగాడు నా తెర మీద ఆ ఫైలు చూసి, అన్నా ఇది ఖరాబైందా అని అడిగాడు. వాడి పాట వాడికి ఇచ్చి పంపేశాను. బరాత్ బీట్లు చేస్తూనే ఉన్నాను. దెబ్బను వెంట్రుకవాసి వెనక్కి జరిపినప్పుడల్లా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది.

పొద్దున మాత్ర పనిచేసే వేళకు బావ ఫోన్ చేస్తాడు. ఫోను వాకిట్లో గడప పక్కన నేల మీద పెట్టి తను పక్కకు నిలబడతాడు. చెయ్యి పట్టుకోడు, పట్టుకుంటే అక్క ఊరుకోదు. నేను గిర్ని చప్పుడు వినపడకుండా తలుపులు మూసుకుని, ఫోను చెవికి ఆనించుకుంటాను. నేనేమీ వాయించను. అక్క ఇంట్లోంచి వాకిలి వైపు వస్తుంది. కుడి కాలు. ఖాళీ. ఎడమ కాలు. కుడి కాలు. దూరంగా ఎవరిదో ట్రాక్టరు, కోళ్ళు.

ఇవాళ గడప దాకా వచ్చింది. కుడి కాలు దాటిన చప్పుడు దగ్గరగా వినపడింది. తర్వాత ఏమీ లేదు. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ఫోను కట్టయిందేమోనని తీసి చూసుకుని, మళ్ళీ చెవికి పెట్టుకున్నాను. చాలాసేపటికి అక్క గొంతు వినిపించింది.

"తమ్మీ, ఉన్నవా?"

"ఉన్న అక్కా."

"ఉండు. వస్తున్న."